ఆఖరి స్టాపు పేరు ఎవరు పలకాలి

ఈ మధ్య టెక్కలిలో బస్సెక్కాను. కండక్టరు చిన్నపిల్ల. చేతిలో మిషను, చెవిలో వైరు. మనం ఊరి పేరు చెబితే మిషను నొక్కి టిక్కెట్టు చేతిలో పెట్టింది. అంతే, మళ్ళీ నోరు విప్పలేదు. ఊళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. దిగాల్సినవాళ్ళు కిటికీలోంచి చూసుకుని దిగుతున్నారు, కునుకు పట్టినవాళ్ళు పై ఊరికి పోతున్నారు. నాకు ఒళ్ళు మండింది. మా కాలంలో కండక్టరు ఉద్యోగంలో సగం గొంతే.

సరిగ్గా ఆ వారమే మా రిటైరైనవాళ్ళ సంఘం నుంచి కబురొచ్చింది. కొత్తగా చేరిన పిల్లల కోసం సమావేశమట, పాతవాళ్ళు తలా ఒక అనుభవం రాసుకొచ్చి చదవాలట. ఎవరి మనసూ నొచ్చుకోకుండా పేర్లు మాత్రం రాయొద్దన్నారు. సరేనన్నాను. తీరా కలం పట్టుకున్నాక తెలిసింది, నా కథంతా ఒక పేరు గురించే.

నేను చేరింది తొంభైల చివర్లో. ఆడవాళ్ళని కండక్టర్లుగా తీసుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. చీర మీద ఖాకీ చొక్కా వేసుకున్న ఆడమనిషిని చూడ్డానికి పని లేకపోయినా బస్సెక్కినవాళ్ళున్నారు. నాకు పడ్డ రూటు టెక్కలి నుంచి సముద్రం ఒడ్డు దాకా. మొదట వరి పొలాలు, తర్వాత కొబ్బరి, జీడి తోటలు, ఆ తర్వాత సరుగుడు తోటల మధ్య ఇసుక దారి, చివర చేపలు పట్టేవాళ్ళ ఊరు. డ్రైవరు ఆ చుట్టుపక్కల పెద్దమనిషే. నన్ను సెల్లెమ్మా అని పిలిచేవాడు, నా తప్పులన్నీ తన ఖాతాలో వేసుకునేవాడు.

మా వైపు ఊళ్ళ పేర్లు రెండు రకాలుగా బతుకుతాయి, బోర్డు మీద ఒకటి, నోట్లో ఒకటి. బోర్డు మీద రావివలస, మా నోట్లో రావలస. వజ్రపుకొత్తూరని పెద్దలు అంత పొడుగు పేరు పెట్టారు, వజ్రం వాళ్ళకే వదిలేసి మేం కొత్తూరుతో సరిపెట్టుకుంటాం. శ్రీకాకుళం మాకు సికాకుళం, ముద్దొస్తే సిక్కోలు. కొత్తగా వచ్చినవాళ్ళది దీనికి తలకిందులు. మనం మింగేస్తే వాళ్ళు అతికిస్తారు. నందిగాం అని బోర్డు మీద చక్కగా రాసి ఉన్నా వాళ్ళ నాలుక ఊరుకోదు, చివర్లో ఇంకొంచెం తగిలించి నందిగామ చేసి, కృష్ణా జిల్లా ఊరిని తెచ్చి టెక్కలి పక్కన పెట్టేస్తారు. ఊరి పేరు పలికిన తీరుని బట్టే మనిషి మనవాడో, బదిలీ మీద వచ్చిన ఆఫీసరో చెప్పేయొచ్చు.

నేను అన్ని ఊళ్ళ పేర్లూ మా నోటి తీరులోనే అరిచేదాన్ని, ఆఖరి ఊరు తప్ప. ఆ ఊరు బోర్డు మీద సింహాద్రిపేట, జనం నోట్లో సిమ్మాద్రిపేట. అది వచ్చేసరికి డ్రైవరు హారన్ కొట్టి, మెడ వెనక్కి తిప్పి తనే అరిచేవాడు. చేరిన మొదటి వారంలోనే మా ఇద్దరి మధ్య ఈ ఒప్పందం కుదిరింది. కారణం ఒక్కటే, మా ఆయన పేరు సింహాద్రి.

నన్ను మరీ పాతకాలం మనిషిననుకోకండి. ఇంటర్ పాసయ్యాను. తాగి బస్సెక్కి వాగినవాణ్ణి కాలరు పట్టుకుని దించాను. కానీ మా ఆయన పేరు నా నోట రాదు. మా అమ్మ మా నాన్న పేరు ఎప్పుడూ అనలేదు, మా అత్తగారు మా మావగారి పేరు అనలేదు, నేనూ అనలేదు. రాయడానికి అడ్డేమీ లేదు, ఎన్ని కాగితాల మీద రాశానో లెక్కలేదు. నోటితో అంటే మాత్రం ఆయనకి ఆయుష్షు తగ్గుతుందట. ఇది నమ్ముతావా అని అడిగితే నమ్మనని చెబుతాను. అయితే ఒక్కసారి అనమంటే అనను.

నాది ఒక్కదాని బాధ అయితే పోనీలే అనుకోవచ్చు. ఆ ఊళ్ళో సింహాచలం దేవుడి మీద భక్తి కొద్దీ ఇంటికో సింహాద్రి ఉన్నాడు. ఏ ఇల్లాలిని తీసుకున్నా మొగుడు సింహాద్రి, కాకపోతే మావ, అదీ కాకపోతే బావగారు. తాత పేరు మనవడికి పెడతారు కాబట్టి ముసలమ్మలకీ విముక్తి లేదు, మనవణ్ణి బుల్లోడా అని పిలుచుకోవాల్సిందే. ఆ పైన వాళ్ళకి ఇంకో భయం ఉంది. మగవాళ్ళు సముద్రం మీద ఉండగా ఇంటి ఆడది పేరెత్తితే గంగమ్మ వింటుందని. సముద్రాన్ని వాళ్ళు గంగ అనే అంటారు. విన్న పేరుగలవాణ్ణి గంగ ఉంచేసుకుంటుందని వాళ్ళ నమ్మకం. పెళ్ళికాని పిల్లలు ఊరి పేరు నిక్షేపంగా అనొచ్చు, కానీ వాళ్ళు ఇంటి దగ్గర ఎండుచేపలకి కాకుల నుంచి కాపలా. పొద్దున్నే టెక్కలి సంతకి చేపలు తెచ్చి, మధ్యాహ్నం ఖాళీ తట్టలతో నా బస్సెక్కేది ఇల్లాళ్ళే.

వాళ్ళు ఎక్కి "ఆకరికి" అనేవారు. నేను టిక్కెట్టు చింపి ఇచ్చేదాన్ని. వాళ్ళూ అనలేదు, నేనూ అనలేదు, అందరం ఇళ్ళకి చేరాం. అలా సాగిపోతుండగా మాకు కొత్త మేనేజరు వచ్చాడు.

ఆయనది రాయలసీమ వైపు. మంచి మనిషి, అది ముందే చెప్పాలి. ఇస్త్రీ నలగని చొక్కా, నుదుట సన్నటి విభూతి, ఎవరినీ ఏకవచనంలో పిలిచేవాడు కాదు. చేరిన మర్నాడే ఎవరికీ చెప్పకుండా మామూలు ప్రయాణికుడిలా రూట్లన్నీ తిరిగాడు. పాపం, బోర్డు మీద చూసింది ఒకటి, కండక్టరు నోట విన్నది ఇంకొకటి. ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియక, దిగాల్సిన చోట దిగలేక, దిగకూడని చోట దిగి మండుటెండలో ఇంకో బస్సు కోసం నిలబడ్డాడు. తిరిగొచ్చి మూడు రూల్సు పెట్టాడు. కండక్టరు ప్రతి ఊరి పేరూ బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు పూర్తిగా, స్పష్టంగా ప్రకటించాలి. ప్రయాణికుడు కూడా దిగే ఊరి పేరు చెబితేనే టిక్కెట్టు ఇవ్వాలి. డ్రైవరు బండి నడపాలి, నోరు కాదు. ఇది ఎవరిని చూసి పెట్టాడో తెలిసి మా డ్రైవరు మీసం దువ్వుకున్నాడు.

మర్నాటి నుంచి మా బస్సుల్లో జరిగిన తమాషా అంతా ఇంతా కాదు. నేను గొంతు సవరించుకుని "రావివలస" అని అక్షరం అక్షరం ఒత్తి పలికితే ఒక్కరూ సీట్లోంచి లేవలేదు. ఊరి పేరు అంత పూర్తిగా పలికేది కోర్టు అమీనాలూ జప్తుకి వచ్చినవాళ్ళూ మాత్రమే. వెనక సీట్లో ఒక రైతు పక్కవాడి చెవిలో "ఎవుడింటి మీదకొచ్చారేటి" అని అడగడం నాకు వినిపించింది. ఇంకో రూటులో కండక్టరు వజ్రంతో సహా కొత్తూరుని పిలిచేసరికి, ఇది మన బండి కాదు, ఎక్స్‌ప్రెస్ అనుకుని సగం మంది దారిలోనే దిగిపోయారట. మా జనం రెండు మూడు రోజుల్లో అలవాటు పడ్డారు. మేం పూర్తి పేరు పలకడం, వెంటనే ఎవరో ఒకరు దాన్ని మామూలు భాషలోకి మార్చి వెనకకి అందించడం, అప్పుడు దిగేవాళ్ళు దిగడం. బస్సుకి ఇద్దరేసి కండక్టర్లు తయారయ్యారు.

చిక్కంతా ఆఖరి ఊరితోనే వచ్చింది. "ఆకరి" అన్నది బోర్డు మీద లేదు కాబట్టి ఆ మాటకి టిక్కెట్టు లేదు. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి వాళ్ళలో పెద్దావిడ దారి కనిపెట్టింది. సింహాద్రిపేటకి ముందు సరుగుడు తోట మలుపని ఒక స్టాపుంది. రెండింటికీ ఛార్జీ ఒకటే. "మలుపుకియ్యమ్మా" అంది. ఆవిడ వెనక అందరూ మలుపుకే. మలుపులో నేను గట్టిగా "సరుగుడు తోట మలుపు" అని అరిచేదాన్ని, ఎవరూ దిగేవారు కాదు, బస్సు ముందుకి పోయేది, ఆఖర్న నేను తలుపు తీసి నిలబడేదాన్ని, అందరూ దిగేవారు. ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాం.

ఎక్కడ నష్టం ఉందంటే, ఆఫీసులో. మేనేజరు గారికి ఆ ఇసుక దారంటే మొదటి నుంచీ దిగులు. బస్సు కింద కమాను పట్టీలు విరుగుతున్నాయి, చక్రాలు దిగబడుతున్నాయి. ఇంతా చేసి ఆ ఊరికి ఎంతమంది పోతున్నారని టిక్కెట్ల లెక్క చూస్తే, ఎవరూ పోవడం లేదు. ఉన్నవాళ్ళంతా మలుపులోనే దిగిపోతున్నారు. అలాంటప్పుడు ఆ చివరి ముక్క ఎందుకు, బస్సుని మలుపులోనే తిప్పేద్దాం అని ఆయన ఆలోచన. ఒక రోజు తనే వచ్చి కళ్ళతో చూసి, ఖాయం చేసేద్దామనుకున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం నా బస్సులో ముందు సీట్లో కూర్చున్నాడు.

ఉద్యోగం ఇంకా ఖాయం కాని రోజులు నావి. ఆయన ఒక ముక్క రాస్తే ఇంటికి పోవాల్సిందే. మా ఆయన కుట్టుమిషను మీద వచ్చేదానితో ఇల్లు నడవదు. అందుకని ఆ రోజు ప్రతి ఊరి పేరూ రేడియోలో వార్తలు చదివినట్టు చదివాను. మేనేజరు గారు తల ఊపుతూ సంతోషించాడు. వెనకాల తట్టల మధ్య ఆడవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు మలుపుకి టిక్కెట్టు తీసుకున్నారు. దానికీ ఆయన తల ఊపాడు.  అంతలో గాలి మారింది. కొబ్బరి మట్టలు ఒక వైపుకే కొట్టుకుంటున్నాయి. ఆడవాళ్ళంతా కిటికీల్లోంచి తూర్పుకి చూస్తున్నారు. పడవలు ఇంకా ఒడ్డుకి రాలేదని నాకు అప్పుడు అర్థమైంది.

మలుపు వచ్చింది. మేనేజరు గారు లేచి నిలబడి, బస్సు ఇక్కడి నుంచి వెనక్కి తిరుగుతుంది, అందరూ దిగాలని మర్యాదగా చెప్పాడు. ఎవరూ దిగలేదు. మళ్ళీ చెప్పాడు. తట్టలు ఇంకొంచెం గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. టిక్కెట్టు ఇక్కడికే తీసుకున్నారు కదా, మరి ఎక్కడికి పోవాలని అడిగాడు. బస్సు నిండా మనుషులు, ఒక్క నోరూ లేవలేదు. ఎక్కాల్సిన బస్సే ఎక్కారు, పోవాల్సిన ఊరికే పోతున్నారు, ఆ ఊరేదో చెప్పేవాళ్ళు లేరు. ఆయన నా వైపు తిరిగాడు.

"ముందర ఏ ఊరుందో మీరు ప్రకటించండమ్మా. పోయేవాళ్ళుంటే చెయ్యెత్తుతారు, పోదాం. ఎవరూ లేకపోతే బండి తిప్పుదాం."

నేను నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. డ్రైవరు అద్దంలో నా మొహం చూసి, తను చెబుతానన్నట్టు కదిలాడు. మేనేజరు గారు వేలు చూపించి ఆపేశాడు. డ్రైవరు నోరు నడపకూడదన్నది రూలు.  అది ఒక ఊరి పేరు, అంతే, ఇటుకలూ సున్నం ఉన్న ఊరు, దానికీ మా ఆయనకీ ఏం సంబంధం అని నాలో నేను వాదించుకున్నాను. వాదన గెలిచాను కానీ మాట రాలేదు.

"పేరు పలకలేని కండక్టరుతో నేనేం చేసుకోవాలమ్మా, మీరే చెప్పండి" అన్నాడాయన. కోపం లేదు, నిజంగానే తెలియక అడిగాడు. అందుకే ఇంకా భయం వేసింది.

అప్పుడు వెనక నుంచి పెద్దావిడ లేచింది. మొన్న మలుపు ఉపాయం కనిపెట్టింది ఈవిడే. తట్ట పక్కావిడ ఒళ్ళో పెట్టి, కడ్డీ పట్టుకుని ముందుకొచ్చింది.

"ఆ పాపనేటీ అనకు బాబూ. ఆ పేరు ఆ పాప మొగుడిది. మా మొగుల్లదీ అదే. మావోల్లు గంగ మీదున్నారు, గాలి సూడు ఎలాగుందో. ఇప్పుడా పేరెత్తితే ఎలాగ?"

ఆయనకి విషయం ఎక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక నవ్వు ఆపుకున్నాడు. ఇన్ని రోజులూ ఎవరూ పోని ఊరికి బస్సు నిండా జనం ఎలా పోతున్నారో అర్థమైందనుకుంటాను. అయినా ఆఫీసరు కదా, ఒక మాట అనక తప్పలేదు.

"పేరే గదమ్మా. పిలిస్తే ఏమైతాది."

పెద్దావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీ ఇంటామె పేరేటి బాబూ?" అని అడిగింది. ఎగతాళి కాదు, పలకరింపుగానే అడిగింది.

మేనేజరు గారు జవాబు చెప్పబోయి ఆగాడు. మా ఇంట్లోవాళ్ళ పేరు ఇప్పుడెందుకని గొణిగాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఊళ్ళ పేర్లు ఉన్నవి ఉన్నట్టు పలకాలని రూలు పెట్టిన మనిషి, పెళ్ళై ఎన్నేళ్ళైందో ఏమో, భార్యని మా ఇంట్లోవాళ్ళు తప్ప ఇంకేమీ అన్నట్టు లేదు. బస్సులో ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళంతా ఆయన్ని తమవాణ్ణి చూసినట్టు చూశారు.

ఆయన కిటికీలోంచి ఇసుక వైపు చూసి, నెమ్మదిగా అడిగాడు. "నేనంటే పర్లేదా?"

"నీకేటి, నువ్వనొచ్చు. నీకేటవుతాడు ఆడు" అంది పెద్దావిడ.

ఆయన చొక్కా సవరించుకుని, బడిలో పాఠం ఒప్పజెప్పే కుర్రాడిలా నిలబడి, బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు "సింహాద్రిపేట" అన్నాడు. బస్సులో ఉన్న చేతులన్నీ ఒక్కసారి లేచాయి.

సరే పోదామని డ్రైవరు గేరు వెయ్యబోతే నేనే ఆపాను. ఏం ధైర్యం వచ్చిందో తెలియదు. అందరి దగ్గరా మలుపు టిక్కెట్లున్నాయి, మలుపు దాటితే చెల్లవు, ప్రయాణికురాలు ఊరి పేరు చెబితే తప్ప కొత్తవి ఇవ్వడానికి రూలు ఒప్పుకోదు అన్నాను. రూలు ఆయనదే. ఆయన నా వంక ఒక్క క్షణం చూసి, పక్కకొచ్చి నిలబడ్డాడు. అక్కడి నుంచి నేను ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఎక్కడికమ్మా అనడం, ఆవిడ తల తిప్పి మేనేజరు గారిని చూడడం, ఆయన "సింహాద్రిపేట" అనడం, నేను మలుపు టిక్కెట్టు తీసుకుని కొత్తది చింపి ఇవ్వడం. ముందు సీట్లకి ఆయన హకారం ఒత్తి, చాలా శ్రద్ధగా పలికాడు. మధ్య సీట్లకి వచ్చేసరికి హకారం అలిసిపోయింది. వెనక వరస చేరేసరికి, తట్టల మధ్య కడ్డీ పట్టుకుని వేలాడుతూ, రాయలసీమ మేనేజరు గారు పుట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నట్టు "సిమ్మాద్రిపేట, సిమ్మాద్రిపేట" అంటున్నాడు. డ్రైవరు స్టీరింగు మీద తల ఆనించి నవ్వుకున్నాడు.

బస్సు ఇసుకలో పడుతూ లేస్తూ ఊరు చేరింది. దిగీ దిగగానే ఆడవాళ్ళు తట్టలు అక్కడే పడేసి ఒడ్డుకి పరిగెత్తారు. మేమూ వెనకే వెళ్ళాం. పడవలు అప్పుడే ఒక్కొక్కటిగా అల దాటి వస్తున్నాయి. అన్నీ వచ్చేదాకా అందరం అక్కడే నిలబడ్డాం, మేనేజరు గారు కూడా. ఆఖరి పడవ ఇసుక తాకాక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఆ మధ్యాహ్నం నేను ఆ పేరు అనేసి ఉంటే ఏమీ అయ్యేది కాదని నాకు తెలుసు. అనలేదని మాత్రం ఇప్పటికీ సంతోషిస్తాను.

తిరుగు ప్రయాణంలో మేనేజరు గారి ఒళ్ళో ఎండుచేపల మూట ఉంది. ఆయన శుద్ధ శాకాహారి. వద్దంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారని, టెక్కలి దాకా ఊపిరి బిగబట్టి మోశాడు. ఆఫీసర్లు రూలు వెనక్కి తీసుకోరు కాబట్టి ఆయనా తీసుకోలేదు, ఒక సవరణ మాత్రం చేశాడు. ఆ రూటులో ఆఖరి స్టేజీని డ్రైవరు ప్రకటించవలెను, ఆ స్టేజీకి ప్రయాణికులు పేరు చెప్పనవసరం లేదు. బస్సు మలుపులో తిరగలేదు, నా ఉద్యోగం ఉంది. సర్కారు వారి ఉత్తర్వుతో అరిచే హక్కు దొరికిన మా డ్రైవరు మాత్రం ఆ తర్వాత మలుపు దగ్గర్నుంచే అరవడం మొదలుపెట్టి మా ప్రాణాలు తీశాడు. మేనేజరు గారు బదిలీ అయి వెళ్ళేటప్పుడు వీడ్కోలు సభలో మా ఊళ్ళన్నీ పేరుపేరునా తలుచుకున్నాడు. రావలస అన్నాడు, కొత్తూరన్నాడు. నందిగామ మాత్రం నందిగామగానే ఉండిపోయింది.

పిల్లలూ, ఇప్పుడు మీకు మిషను ఉంది. నొక్కితే పేరు అదే పడుతుంది, ఎవరి నోటికీ శ్రమ లేదు. అయినా ఊరొచ్చినప్పుడు ఒక్కసారి గట్టిగా పిలవండి. పిలవలేని పేరేదైనా మీకూ ఉంటే, పిలిచేవాళ్ళని పక్కన పెట్టుకోండి.

నిన్న ఇదంతా రాసి, తప్పులుంటే చూడమని మా ఆయన చేతికిచ్చాను. ఆయన కుట్టుమిషను పక్కన కూర్చుని పైకే చదివారు. తన పేరు వచ్చిన చోటల్లా ఒకసారి ఆగి, మళ్ళీ చదివారు. అంతా అయ్యాక కాగితాలు సర్దుతూ, "బాగానే రాసినావు గానీ, అందరి ముందూ పైకెలాగ సదూతావు?" అని అడిగారు. అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. చివరికి ఇలా కుదిరింది. సమావేశంలో ఆయన ముందు వరసలో కూర్చుంటారు. పేరు వచ్చిన చోట నేను ఆగుతాను, ఆయన లేచి తన పేరు తనే చెప్పి కూర్చుంటారు.

దీపం తీసేముందు ఆయన మళ్ళీ ఎత్తారు. "ఒక్కసారి అనీ. నానేటి, గంగ మీదున్నానా? ఇంటికాడే ఉన్నాను కదా."

"ఉన్నారు కదా, అలాగే ఉండండి" అన్నాను.